పదిహేడున్నర అంగుళాల కుట్టు: నా అనుభవం

నా కడుపు కింద, కుడి తుంటి నుంచి ఎడమ తుంటి దాకా ఒక కుట్టు ఉంది. టేపు పెట్టి కొలిస్తే 17½ అంగుళాలు. నల్గొండ ప్రకాశం బజార్ దగ్గర 14 ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను, కొలవకుండా ఏదీ వదలలేను. 2024 జనవరి 24న హైదరాబాద్‌లో కడుపు తగ్గించే ఆపరేషన్ (టమ్మీ టక్, అంటే సాగిన చర్మం కోసేసి కండరాలు దగ్గరికి కుట్టడం) చేయించుకున్నాను. ఆపరేషన్‌కు పట్టింది 4 గంటలు. ఆ మచ్చ వెనకాల నేను తిరిగింది 18 నెలలు. ఆ నాలుగు గంటల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. 18 నెలల గురించి ఒక్కరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

ఎందుకు చేయించుకున్నానో ముందు చెప్పాలి. రెండు సిజేరియన్లయ్యాయి. కడుపు మధ్యలో కండరాలు రెండు పక్కలకూ విడిపోయి మళ్లీ కలవలేదు. బొడ్డు దగ్గర చిన్న హెర్నియా కూడా ఉంది. ఎంత నడిచినా, అన్నం ఎంత తగ్గించినా కడుపు ముందుకే ఉండేది. చిన్నోడు నాలుగో తరగతికి వచ్చాక కూడా షాపుకు వచ్చినవాళ్లు "ఎన్నో నెలక్కా?" అని అడిగేవాళ్లు. ఒకరోజు చిట్యాల పోయే బస్సులో కండక్టర్ ఒక కాలేజీ పిల్లవాణ్ని లేపి నాకు సీటు ఇప్పించాడు. కాదని చెప్పలేక కూర్చున్నాను. నార్కట్‌పల్లి దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

అందం కోసం చేసే ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో రాదని ముందే చెప్పారు. మొత్తం లక్షా తొంభై వేలు. చిట్టీ ఎత్తి కట్టాం. చుట్టాలకు మాత్రం హెర్నియా ఆపరేషన్ అనే చెప్పాం. అందులో అబద్ధం లేదు. కానీ "కడుపు కోసం" అని నోరు తెరిచి చెప్పలేకపోయాననే బాధ ఇప్పటికీ ఉంది.

ఆపరేషన్‌కు ముందు డాక్టర్ మేడం నా పని ఏంటని అడిగి, నా భాషలోనే చెప్పారు. "మూడు వరుసలు లోపలే కుడతామమ్మా. బరువంతా కింది వరుసలు మోస్తాయి. పై చర్మం మీద లాగుడు పడితే మచ్చ వెడల్పవుతుంది." నాకు వెంటనే అర్థమైంది. చంక దగ్గర బిగుతుగా కుట్టిన బ్లౌజు ఎట్లా అయితదో నాకు తెలుసు. దారం తెగదు, కానీ కుట్టు పొడుగునా సూది రంధ్రాలు సాగి కనిపిస్తాయి.

మొదటి పది రోజులు నడుము వంచే నడవాలి. నిటారుగా నిలబడితే కుట్టు లాగుతుంది. పడుకున్నా మోకాళ్ల కింద రెండు దిండ్లు, వీపు కింద రెండు దిండ్లు. లోపల చేరే నీరు బయటికి రావడానికి చెరో పక్క ఒక గొట్టం, చివర డబ్బా. రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు వస్తుందో మా అమ్మాయి నోట్‌బుక్‌లో రాసేది. 30 కంటే తగ్గాక తీస్తామన్నారు. ఒకటి ఆరో రోజు, ఇంకోటి ఎనిమిదో రోజు తీశారు. 12వ రోజు బొడ్డు చుట్టూ ఉన్న నల్లదారం తీశారు. పెద్ద కుట్టుకు తీయడానికి పైన దారమే లేదు. లోపల కరిగిపోయే దారం, పైన పేపర్ టేపు, అంతే. ఆ రోజు టేపు మార్చినప్పుడు మొదటిసారి చూశాను. సన్నగా, గులాబీ రంగులో, చాక్‌తో గీసిన గీతలా ఉంది. ఇంత బాగుందా అని సంతోషపడి మా ఆయనకు కూడా చూపించాను. అసలు మచ్చ అది కాదని నాకు అప్పటికి తెలియదు.

15వ రోజు సరిగ్గా మధ్యలో, లాగుడు ఎక్కువుండే చోట, చర్మం నల్లబడింది. రెండు రోజులకు చొక్కా గుండీ అంత మేర విచ్చుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఫొటో తీసి పంపితే మేడం "భయపడకండి, ఈ ఆపరేషన్‌లో ఆ చోట ఇట్లా కావడం మామూలే, లోపలి నుంచి నిండుకుంటూ వస్తుంది" అన్నారు. రోజూ సెలైన్‌తో కడిగి గాజ్ గుడ్డ పెట్టాలి. ఇంటి దగ్గర ఒక నర్సమ్మ వచ్చి చేసేది, ఒక్కోసారికి 150. పందొమ్మిది రోజులు చేసింది. ఈ ఖర్చు ఎవరి లెక్కలోనూ ఉండదు, పక్కన పెట్టుకోండి.

మా అత్తమ్మ అప్పుడే పసుపు గిన్నె పట్టుకొచ్చింది. "పుండు మీద పసుపు పెట్టనిస్తలేరు, గా ఇంగ్లీషు నీళ్లతోని ఏమైతది బిడ్డా?" అంది. ఆమె ప్రేమకు నేను ఎదురు చెప్పలేను. ఆమె చేతి పసుపుతోనే నా ఇద్దరు పిల్లలకూ బొడ్డు ఊడింది. కానీ విచ్చుకున్న గాయంలో పొడి పోస్తే లోపల ఇరుక్కుంటుందని నర్సమ్మ కూర్చోబెట్టి చెప్పింది. అత్తమ్మ ఆ పసుపు నా పాదాలకు రాసి వెళ్లింది.

నాలుగు వారాల చెకప్ ఫిబ్రవరి 21న. అదే రోజు మేడారం జాతర మొదలు. బస్సులు చాలావరకు జాతరకు పోయాయి. నల్గొండ బస్టాండ్‌లో గంటన్నర నిలబడ్డాం. కడుపుకు బిగుతు బెల్టు, దాని కింద గాజ్ గుడ్డ, ఒక చేత్తో కడుపు పట్టుకుని నిలబడ్డాను. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు గానీ, చివరికి దొరికిన బస్సులో స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ప్రాణం పోయేది. ఒక చిన్న దిండు తీసుకుపోండి, కుదుపు వచ్చినప్పుడు కడుపుకు అదుముకోవచ్చు. దగ్గు వచ్చినా, తుమ్ము వచ్చినా అదే దిండు.

ఆ రోజు సిలికాన్ షీటు, అంటే మచ్చ ఉబ్బకుండా పైన అంటించుకునేది, మొదలుపెట్టమన్నారు. మానిన చోట మాత్రమే, మధ్యలో విచ్చుకున్న చోట పూర్తిగా మూసుకునే దాకా వద్దు. షీటు 1,850 రూపాయలు. ఆరు అంగుళాల పొడవు, ఐదు అంగుళాల వెడల్పు. కొత్త కత్తెర తెచ్చి అంగుళంపావు వెడల్పున నాలుగు పట్టీలు చేశాను. మూడు పట్టీలు వరసగా పెడితే 18 అంగుళాలు, నా కుట్టుకు సరిగ్గా సరిపోయింది. నాలుగోది బొడ్డుకు. మూలలు చదరంగా వదిలితే బట్ట తగిలి లేస్తాయి. గుండ్రంగా కత్తిరిస్తే లేవవు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, రెండు పట్టీలు పాడయ్యాక చేతికి తెలిసింది.

రోజుకు కనీసం 12 గంటలు ఉండాలి. తీసినప్పుడల్లా పిల్లల సబ్బుతో కడగాలి, తువ్వాలుతో తుడవకూడదు. నూలు పోగులు అంటితే జిగురు పోతుంది. నేను స్టీలు పళ్లెంలో జిగురు వైపు పైకి పెట్టి ఆరనిచ్చేదాన్ని. అట్లా చూసుకుంటే ఒక షీటు నాలుగు వారాలు వచ్చింది.

మార్చి దాకా అంతా బాగానే ఉంది. తర్వాత నల్గొండ ఎండలు మొదలయ్యాయి. ఏప్రిల్ వచ్చేసరికి షీటు కింద చెమట, చెమట కింద చెమటకాయలు. మిషన్ ముందు కూర్చుంటే మధ్యాహ్నానికి షీటు జారి లంగాలో పడిపోయేది. ఒకసారి కస్టమర్‌కు కొలతలు తీస్తుంటే జారింది. ఆమె చూడకుండా కాలితో మిషన్ కిందికి నెట్టాను. మేడంకు ఫోన్ చేస్తే పగలు షీటు మానేసి సిలికాన్ జెల్ రాసుకోమన్నారు, పల్చగా, రోజుకు రెండుసార్లు, ఆరిన తర్వాతే బట్ట. రాత్రి కూలర్ ముందు పడుకున్నప్పుడు షీటు. జెల్ ట్యూబు 780, ఆరు వారాలు వచ్చింది. ఎండాకాలంలో ఆపరేషన్ అయినవాళ్లు ఇది ముందే అడిగి తెలుసుకోండి. పట్టుదలకు పోయి షీటు ఉంచుకుంటే చెమటకాయలు గోకి మచ్చనే పాడుచేసుకుంటారు.

లంగా సంగతి ఇంకా పెద్దది. చీర కట్టే మనకు బొందు ముడి సరిగ్గా కడుపు మీదే పడుతుంది. ఆపరేషన్ తర్వాత ఆ చోట నెలల తరబడి వాపు ఉంటుంది, సాయంత్రానికి ఇంకా పెరుగుతుంది. బొందు బిగిస్తే పైన ఒక గాడి, కింద ఉబ్బు. వదులుగా కడితే చీర నిలవదు. రెండు నెలలు నైటీల్లోనే ఉన్నాను. తర్వాత నాకు నేనే ఒక లంగా కుట్టుకున్నాను. మెత్తటి కాటన్, బొందు లేదు, నడుముకు ఐదు అంగుళాల వెడల్పు పట్టీ, పక్కన మూడు వరుసల హుక్కులు. ఉదయం లోపలి వరుసకు, సాయంత్రం వాపొచ్చాక బయటి వరుసకు. పట్టీ కుట్టు లోపలికి రాకుండా తిప్పి కుట్టాను, మచ్చ మీద గరుకు ఏదీ తగలదు. ఆ లంగా కట్టుకుని చీర కట్టిన రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మూడో నెల.

మా అమ్మాయి ప్రతి నెలా 24న కిటికీ దగ్గర, పొద్దున పూట, పక్కన టేపు పెట్టి ఫొటో తీసేది. ఫిబ్రవరిలో గీత వెడల్పు రెండు మిల్లీమీటర్లు. మార్చిలో మూడు. ఏప్రిల్‌లో ఎడమ వైపు మూడు, కుడి వైపు ఏడు. కుడి వైపు ఎర్రగా, చేతికి పురికొస తగిలినట్టు ఎత్తుగా, గట్టిగా. రాత్రుళ్లు దురద. నిద్రలో గోకుతానని చేతులకు పాత సాక్సులు తొడుక్కుని పడుకునేదాన్ని. లక్షా తొంభై వేలు పెట్టి ఒక వికారం పోగొట్టుకుని ఇంకో వికారం తెచ్చుకున్నానని ఏడ్చాను. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఆ టెన్షన్‌లో తప్పు చేశాను. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. "అందరూ వాడతారమ్మా, మచ్చలన్నీ పోతాయి" అన్నారు. 120 రూపాయలు, చీటీ అడగలేదు. తొమ్మిది రోజులు రాశాను. మొదటి నాలుగు రోజులు దురద తగ్గింది, సంతోషపడ్డాను. తర్వాత మచ్చ చుట్టూ మంచి చర్మం మంట, సన్న సన్న మొటిమలు. ఏప్రిల్ 24న ఆ ట్యూబు తీసుకుపోయి మేడం ముందు పెట్టాను. ఆమె వెనక తిప్పి చదివి, అందులో స్టెరాయిడ్, దాంతో పాటు తెల్లబరిచే మందు కలిపి ఉన్నాయని చూపించారు. చర్మం పల్చబడుతుందట, మానేస్తే మంట ఇంకా పెరుగుతుందట. ఆమె కోప్పడలేదు. "మూడో నెలలో ఎర్రబడి ఉబ్బుతుందని ఆపరేషన్‌కు ముందే చెప్పాను, గుర్తుందా?" అన్నారు. ఇంటికొచ్చి నోట్‌బుక్ చూస్తే మా అమ్మాయి రాసి పెట్టింది: "రెండు నుంచి నాలుగు నెలలు ఎక్కువ ఎరుపు, తర్వాత తగ్గును." నేనే వినలేదు. ఆపరేషన్‌కు ముందు మన మనసంతా కడుపు మీదే ఉంటుంది, మచ్చ గురించి చెప్పేది చెవికెక్కదు.

అప్పుడు మేడం కాగితం మీద గీసి చూపించారు. గాయం మానడానికి శరీరం లోపల కొత్త పోగులు అల్లుతుంది. మొదట్లో తొందరగా, అడ్డదిడ్డంగా, కావలసిన దానికంటే ఎక్కువ అల్లుతుంది. అందుకే ఎరుపు, గట్టిదనం. తర్వాత నెలల తరబడి ఎక్కువైన వాటిని తీసేసి, మిగతావి లాగుడు ఉన్న దిక్కుకు సర్దుతుంది. దానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. మూడు వారాలకు ఆ చోట బలం పాత చర్మంలో ఐదో వంతే, మూడు నెలలకు నూటికి 80 దాకా వస్తుంది, అంతకు మించి రాదు. నేను ఐదో వారంలోనే షాపు తెరిచాను. పెళ్లిళ్ల సీజన్, బట్టల మూటలు కుడి వైపు నుంచి ఎత్తి బల్ల మీద పెట్టేదాన్ని. కుడి వైపే ఎందుకు ఉబ్బిందని అడిగితే కచ్చితంగా చెప్పలేమన్నారు. నాకైతే ఆ మూటలే అనిపిస్తుంది. ఐదో వారంలో మీకు బాగానే ఉంటుంది, నొప్పి ఉండదు. కానీ లోపల కచ్చాకుట్టు మీదే ఉన్నట్టు లెక్క.

ఒక భయం తీరింది. మచ్చ గీత దాటి పక్క చర్మంలోకి పాకితే కెలాయిడ్, గీత లోపలే ఉబ్బితే అది వేరే. నాది రెండోది, తగ్గేదే. తొందరగా అణగడానికి మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తామన్నారు. స్టెరాయిడ్ అనగానే ట్యూబు గుర్తొచ్చి వెనక్కి జరిగాను. అది చర్మం మీద లెక్క లేకుండా రాసేది, ఇది గట్టిపడిన చోట మాత్రమే కొలిచి వేసేది అని చెప్పారు. ఏప్రిల్ 24, మే 29, జూలై 3, మూడుసార్లు, ఒక్కోసారి 1,500. నొప్పి గురించి దాచను. గట్టిపడిన మచ్చలోకి మందు సులువుగా దిగదు, సిరంజి గట్టిగా నొక్కుతుంటే లోపల చీరినట్టు ఉంటుంది. ముందు ఐదు నిమిషాలు ఐసు పెట్టారు. కళ్లు మూసుకుని బల్ల అంచు పట్టుకున్నాను. ఎనిమిది పోట్లు. రెండోసారికి మచ్చ కొంచెం మెత్తబడింది, నొప్పీ తగ్గింది.

మే ఇంజెక్షన్ తర్వాత నెలసరి 12 రోజులు ఆలస్యమైంది. నా కంగారు చెప్పలేను. పరీక్ష కూడా చేసుకున్నాను. ఆ మందుతో కొందరికి అట్లా అవుతుందని తర్వాత తెలిసింది. ఇంజెక్షన్ వేసేటప్పుడే ఇది అడగండి.

మాలిష్ ఐదో వారంలో నేర్పారు, మధ్యలో గాయం ఉన్న చోట తప్ప. నూనె రాసి వేళ్లు జారించడం కాదు. రెండు వేళ్లు మచ్చ మీద పెట్టి, గోరు చివర తెల్లబడేంత గట్టిగా నొక్కి, వేళ్లు కదలకుండా చర్మాన్నే కదపాలి. పైకి కిందికి, పక్కలకు, గుండ్రంగా. పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. మొదట్లో ఆ చోట చర్మం బకరం అతికించిన కాలర్‌లా కింది మాంసానికి అంటుకుని, కదిలేదే కాదు. రోజూ చేస్తుంటే ఎప్పుడు వదిలిందో తెలియదు, ఆగస్టులో ఒక రాత్రి వేళ్ల కింద చర్మం పక్కకు జరిగింది. లైటు వేసి మళ్లీ నొక్కి చూశాను. జరిగింది. మా ఆయన్ని లేపి "నొక్కి చూడు" అన్నాను. నిద్రమత్తులో నొక్కి, "మెత్తగైంది గదనే" అన్నాడు. ఎన్ని నెలల తర్వాతో ఆ మనిషి ఆ మచ్చను ముట్టుకున్నాడు.

ఇంకో ముఖ్యమైన విషయం, బొడ్డు కింద అరచేతి మేర చర్మానికి స్పర్శ ఉండదు. వానాకాలంలో ముసురు పట్టి నడుము లాగుతుంటే అత్తమ్మ వేడినీళ్ల బ్యాగు తెచ్చి కడుపు మీద కాపడం పెట్టబోయింది. అదృష్టం, ముందు చేతికి తగిలించుకున్నాను, చురుక్కుమంది. కడుపు మీద పెడితే నాకేమీ తెలియలేదు. అట్లా ఉంచుకుని నిద్రపోతే బొబ్బలొచ్చేవి. ఆ చోట వేడి ఏదీ పెట్టవద్దు.

అక్టోబర్ 10న సద్దుల బతుకమ్మ. ఆపరేషన్ అయి ఎనిమిదిన్నర నెలలు. గడియారం సెంటర్ వైపు వాడల్లో ఎక్కడ చూసినా తంగేడు పూలే. ఆ రోజు పట్టుచీర కట్టాను, నా హుక్కుల లంగా మీదనే. రెండు గంటలు వంగి లేచి చప్పట్లు కొట్టి ఆడాను. ఇంటికొచ్చాక మచ్చ చూసుకుంటే కొంచెం ఎర్రగా ఉంది, పొద్దునకు మామూలైంది. ఆ రోజు ఎవరూ ఏ నెల అని అడగలేదు. మా వదిన మాత్రం "సన్నబడ్డవే, ఏం తింటున్నవ్?" అంది. ఆమెకు నిజం చెప్పాను. ఆపరేషన్ పేరుతో సహా. ఆమె నా చేయి పట్టుకుని "నాకెందుకు చెప్పలే? వచ్చి వారం ఉందును గదా" అంది.

తర్వాత నెలలన్నీ మెల్లగా గడిచాయి. సిలికాన్ ఆరు నెలలకు మానేశాను, మాలిష్ ఏడాది దాకా చేశాను. 2025 జూలైలో చివరిసారి చూపించుకున్నాను. ఎడమ వైపు రెండున్నర మిల్లీమీటర్లు, నా రంగుకంటే కొంచెం ముదురు. కుడి వైపు నాలుగు. అక్కడ ఇంజెక్షన్ పడిన చోట మూడు తెల్లమచ్చలు, చిన్న పల్లం. అవి ఇంకా కలిసిపోవచ్చు, పోకపోవచ్చు అన్నారు. మధ్యలో విచ్చుకుని మానిన చోట ముడత ఒకటి అట్లాగే ఉంది. కావాలంటే మత్తు సూది ఇచ్చి ఆ చిన్న ముక్క మళ్లీ కుడతామన్నారు, వద్దన్నాను. ఆపరేషన్ డబ్బు కాక, షీట్లు, జెల్, బెల్టు, డ్రెస్సింగ్, ఇంజెక్షన్లు, చెకప్‌లు అన్నీ కలిపి మచ్చకే 24 వేల చిల్లర అయింది.

హుక్కుల లంగా చూసి సిజేరియన్ అయిన ఇద్దరు ముగ్గురు అడిగారు. కుట్టిచ్చాను. వాళ్ల కొలతలు తీసేటప్పుడు ఎన్నో వారం అని అడిగి, వాపు కోసం రెండో వరుస హుక్కులు ఎక్కడ రావాలో చూసి వేస్తాను. నిన్న ఒకామె, ఆపరేషన్ అయి మూడో నెల, మచ్చ ఎర్రబడిందని ఏడ్చింది. మా అమ్మాయి ఫోన్‌లో ఏప్రిల్ ఫొటో తీసి ఆమెకు చూపించాను. తర్వాత అక్టోబర్‌ది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆమె చాలాసేపు చూసింది.